లాసెట్ మాక్ టెస్టుల్లో 65 దగ్గరే ఆగిపోయాను, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం తెలంగాణ లాసెట్‌కి చదువుతున్నాను. డిగ్రీ అయి పదేళ్లు దాటింది. పగలంతా మీసేవా సెంటర్‌లో పని, ఇంట్లో ఇద్దరు పిల్లలు. రాత్రి తొమ్మిదిన్నర దాటాకే పుస్తకం పట్టేది. ఇప్పటికి 14 మాక్‌లు రాశాను. మొదటిదాంట్లో 120కి 58, తర్వాత 66 వచ్చాయి. ఆ తర్వాత 63, 67, 64, 65... గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతున్నా. 42 వస్తే క్వాలిఫై అవుతామని తెలుసు. కానీ నాకు ఇంటికి దగ్గరున్న కాలేజీలో కన్వీనర్ సీటు కావాలి, దానికి మంచి ర్యాంకు రావాలి. పరీక్ష ఇంకా ఏడు వారాలు ఉంది. ఇంకో ఇరవై టెస్టుల ప్యాక్ కొనమంటారా?

జవాబు:
రోజుకో మాక్ రాయండి మేడమ్. రాస్తూ ఉంటే అవే పెరుగుతాయి. నాకు అలాగే పెరిగాయి.

జవాబు:
పై తమ్ముడు చెప్పింది నేను ఒప్పుకోను. మీకు పగలంతా ఖాళీ ఉంటే వేరే మాట. రాత్రి దొరికే రెండు గంటల్లో గంటన్నర టెస్టుకే పోతే ఇక చదివేది ఎప్పుడు? నేనూ ముప్పై ఆరేళ్ల వయసులో ఈ పరీక్ష రాసినవాడినే. ప్యాక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు చివరి మాక్ తీసి ఏ భాగంలో ఎన్ని వచ్చాయో, ఎన్ని వదిలేశారో చెప్పండి. పార్ట్ సి (లా ఆప్టిట్యూడ్)లో తప్పులన్నీ మళ్లీ చూసి మూడు కుప్పలు పోయండి: అసలు తెలియనివి, రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పు పెట్టినవి, తెలిసి కూడా తొందరలో పోగొట్టుకున్నవి.

అడిగినవారు:
చూశాను అన్నా. పార్ట్ ఎ (జీకే, మెంటల్ ఎబిలిటీ) 30కి 19. పార్ట్ బి (కరెంట్ అఫైర్స్) 30కి 17. పార్ట్ సి (లా ఆప్టిట్యూడ్) 60కి 29. మొత్తం 65. మెంటల్ ఎబిలిటీలో చిక్కుకుని, టైమ్ చాలక 11 ప్రశ్నలు వదిలేశాను. అన్నీ పార్ట్ సి చివర్లోవే. మిగతా 20 తప్పుల్లో తెలియనివి 6, ఊగినవి 11, తొందర 3. ఇన్నాళ్లూ నాకు సబ్జెక్టే రాదనుకున్నా.

జవాబు:
చూశారా, తెలియనివి ఆరే. మీకు కొత్త పుస్తకం అక్కర్లేదు.

ముందు ఆ 11 సంగతి. లాసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ఖాళీగా వదిలేయడం అంటే మార్కులు దానం చేయడమే. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఏదో ఒకటి పెట్టినా పదకొండులో రెండు మూడు తగులుతాయి. కానీ అవి చదివి పెట్టగలిగే ప్రశ్నలు కదా, అదీ బాధ. 90 నిమిషాల్లో 120 అంటే ప్రశ్నకి 45 సెకన్లు. రాజ్యాంగం ప్రశ్న తెలిస్తే 15 సెకన్లలో అయిపోతుంది. మెంటల్ ఎబిలిటీలో ఒక అంకెల సిరీస్ లెక్క రెండు నిమిషాలు తినేస్తుంది. దానికీ దీనికీ ఒకటే మార్కు. అందుకే పార్ట్ సితో మొదలుపెట్టి, తర్వాత బి, జీకే చేసి, మెంటల్ ఎబిలిటీని ఆఖరికి ఉంచండి. చివరి మూడు నిమిషాల్లో ఖాళీలన్నీ నింపేయండి.

ఇక ఊగినవి. మీ మార్కులు ఉన్నది ఇక్కడే. లా ప్రశ్న పెట్టేవాళ్లు కవల పిల్లల్లాంటి రెండు మాటల్ని పక్కపక్కన పెడతారు. విడివిడిగా చదివితే రెండూ వచ్చినట్టే ఉంటాయి, పరీక్షలో కలిసిపోతాయి. నేను ఒక నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో దాని జంట రాసుకున్నాను.

ఉదాహరణకి చెల్లని ఒప్పందం, రద్దు చేయదగిన ఒప్పందం. మైనర్ వయసు ఎక్కువ చెప్పి అప్పు రాయించుకున్నాడనుకోండి. మోసం చేశాడు కదా అని ‘రద్దు చేయదగినది’ పెట్టేస్తాం. తప్పు. మైనర్‌తో ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు (మోహిరీ బీబీ కేసు, 1903). అదే పెద్దవాళ్లిద్దరి మధ్య ఒకరు బెదిరించో, మోసగించో సంతకం పెట్టిస్తే, మోసపోయినవాళ్లు కావాలంటే రద్దు చేసుకోవచ్చు, వద్దంటే కొనసాగించుకోవచ్చు. ‘ఎవరికైనా ఎంచుకునే హక్కు ఉందా?’ అని అడిగితే చాలు, ఊగడం ఆగిపోతుంది.

ఇంకో జంట ఆ లాటిన్ సూత్రాలు, డామ్నం సైన్ ఇంజూరియా, ఇంజూరియా సైన్ డామ్నో. వీటిని బట్టీ పట్టి నేను మూడుసార్లు తారుమారు చేశాను. చివరికి కథలతోనే నిలిచాయి. మీ సెంటర్ పక్కనే ఇంకొకరు సెంటర్ తెరిచి మీ గిరాకీ పోయింది. నష్టం ఉంది, హక్కుకి భంగం లేదు, కేసు నిలవదు. అది మొదటిది. ఓటేయడానికి వెళ్తే అన్యాయంగా ఆపేశారు, అయినా మీ అభ్యర్థే గెలిచాడు. పైసా నష్టం లేదు, హక్కుకి భంగం ఉంది, పరిహారం వస్తుంది. ఇంగ్లండ్‌లో యాష్‌బీ కేసు (1703) సరిగ్గా ఇదే. అలాగే దోపిడీ, బందిపోటు దోపిడీ: ఐదుగురు, అంతకు మించి ఉంటే రెండోది.

ఒక హెచ్చరిక. మీ మాక్‌లు ఎప్పటివో చూడండి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష అనగానే సెక్షన్ 302 అని చెయ్యి వెళ్తుంది, ఇప్పుడది 103. ఊళ్లో తిట్టుగా మారిన 420 కాస్తా 318(4) అయింది. ఎఫ్‌ఐఆర్ సీఆర్‌పీసీ (కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం) 154లో ఉండేది, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173. పాత టెస్టులో ‘సరైన’ జవాబు పెట్టి మార్కు తెచ్చుకుంటే తప్పునే గట్టిగా నేర్చుకున్నట్టు.

వారానికి రెండు మాక్‌లు చాలు. రాసిన మర్నాడు కొత్తగా ఏమీ చదవకుండా ఆ పేపర్ మీదే కూర్చోండి. రైట్ అయినవాటిలో గుడ్డిగా తగిలినవి కూడా నోట్‌బుక్‌లోకి వెళ్లాలి.

జవాబు:
అక్కా, మీరు తెలుగు మీడియమా? నేను కూడా. నాకైతే సగం తప్పులు మాటల దగ్గరే పోయాయి. రిట్ల (హైకోర్టు, సుప్రీంకోర్టు ఇచ్చే ప్రత్యేక ఆదేశాలు) ప్రశ్నలో ‘ఉత్ప్రేషణ’ అని ఉంటే అది సెర్షియోరరీ అని తట్టేది కాదు. పరమాదేశ అంటే మాండమస్, అధికార పృచ్ఛ అంటే కో వారెంటో. ఒప్పందాల్లో ‘ప్రతిఫలం’ అంటే లాభం అనుకునేదాన్ని, అది కన్సిడరేషన్, అంటే ఒప్పందంలో ఒకరి మాటకి బదులుగా ఇంకొకరు ఇచ్చేది! తెలుగులో అర్థం కాకపోతే ఇంగ్లిష్‌లో ఉన్న అదే ప్రశ్న చూడండి, రెండూ ఇస్తారు. ఒక యాభై మాటలు రెండు భాషల్లో రాసి వంటింటి అల్మారా తలుపుకి అతికించాను, మా అత్తమ్మకి కూడా హెబియస్ కార్పస్ వచ్చేసింది.

అడిగినవారు (మూడు వారాల తర్వాత):
అన్నా, అక్కా, ప్యాక్ కొనలేదు. ఐదు మాక్‌లు రాశాను: 72, 69, 77, 75, 81. ఆ 69 రోజు పాపకి జ్వరం, లెక్కలోకి తీసుకోవడం లేదు. కరెంట్ అఫైర్స్ ఇంకా 18 దాటట్లేదు. ఇంకో సందేహం. ఆస్తి హక్కు ఏ రకం హక్కు అని అడిగితే ‘రాజ్యాంగ హక్కు’ పెట్టాను, మాక్ జవాబుల కీలో ‘చట్టబద్ధ హక్కు’ అని ఉంది. ఎవరిది తప్పు?

జవాబు:
ఆ మార్కు మీరే వేసుకోండి. 1978లో 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ అధికరణలో పెట్టింది. అది రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి సుప్రీంకోర్టు తీర్పుల్లో రాజ్యాంగ హక్కు అనే అంటారు. గైడ్లు మాత్రం చట్టబద్ధం అని రాస్తుంటాయి. రెండు ఆప్షన్లూ ఉంటే మీరు పెట్టిందే పెట్టండి. అసలు పరీక్షలో ఇలా జరిగితే ప్రిలిమినరీ కీ వచ్చాక గడువులోగా అభ్యంతరం పంపొచ్చు, దానికి ఆధారం కాగితం జత చేయాలి. కరెంట్ అఫైర్స్‌కి పొద్దున సెంటర్ తెరిచే ముందు పేపర్‌లో పావుగంట, ఆదివారం ఆ వారంవి ఒకసారి తిరగేయడం. అంతకు మించి దాని మీద పడకండి, పార్ట్ సిలో ఇంకా పది మార్కులు మీకోసం ఉన్నాయి.