పీ900 అమ్మి ఆర్‌ఎక్స్10 తీసుకోవాల్నా? పాకాల పిట్టల కోసం

ప్రశ్న, హన్మకొండ నుంచి:
అన్నలూ, నా దగ్గర నికాన్ పీ900 ఉన్నది. 83 రెట్ల జూమ్ అని దుకాణపాయన చెప్తే మురిసిపోయి కొన్న. చందమామను తీస్తే ఇంటోళ్లంత నోరెళ్లబెట్టిండ్రు. కానీ పాకాల కట్ట మీద పొద్దుగాల ఆరుగంటలకు పాలపిట్టను తీస్తే ఈకలే కనబడుతలేవు, తడిసిన రంగులెక్క అలుక్కపోయినయి. మా దోస్తు సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 సెకండ్ హ్యాండ్‌ల తీసుకో అంటుండు. దాని జూమ్ 600 మిల్లీమీటర్ల కాడనే ఆగుతది, నాది 2000 దాక పోతది. ఉన్నది పోగొట్టుకున్నట్టు కాదా?

జవాబు, నర్సంపేట నుంచి:
తమ్మీ, రెండూ వాడినోన్ని కాబట్టి చెప్తున్న. నీ కెమెరాల వెలుతురు పట్టే సెన్సార్ 6.2 మిల్లీమీటర్లు పొడుగు, 4.6 వెడల్పు. చిటికెన వేలి గోరంత. సోనీది 13.2కు 8.8, అంటే వైశాల్యం నాలుగింతలు. (దాన్ని ఒక అంగుళం సెన్సార్ అంటరు గని, స్కేలు పెట్టి కొలిస్తే ఏ దిక్కు నుంచీ అంగుళం రాదు. పాత వీడియో ట్యూబుల కాలం లెక్క అది.) ఇంకోటి, పూర్తి జూమ్‌ల నీది ఎఫ్ 6.5, సోనీది 600 కాడ గూడ ఎఫ్ 4 (ఈ అంకె ఎంత తక్కువైతే లెన్స్‌లకు అంత ఎక్కువ వెలుతురు వస్తది). రెండున్నర రెట్ల వెలుతురు అక్కడనే ఎక్కువ. పొద్దు పొడవకముందు నీ కెమెరా ఐఎస్ఓ (తక్కువ వెలుతురుల గూడ ఫోటోను తెల్లగ చేసే సెట్టింగ్) పెంచుతది, మచ్చలొస్తయి, వాటిని తుడుసుకుంట ఈకలను గూడ తుడిచేస్తది. పీ900ల రా ఫైల్ (కెమెరా తుడవకముందు ఉన్న ఫోటో) లేదు, తుడిచినంక మిగిలిందే నీ చేతికొస్తది.

కానీ పోయేది గూడ విను. సోనీది 20 మెగాపిక్సెల్. 600ల తీసి 2000 అంత దగ్గరికి కత్తిరిస్తే రెండు మెగాపిక్సెల్ గూడ మిగలదు. ఫోన్ల చూసుకోవచ్చు, ఫ్రేమ్ కట్టించలేవు. చెరువు అవతలి ఒడ్డు పిట్టలే కావాల్నంటే అమ్మకు. అయితే పది దాటినంక నీళ్ల మీద గాలి వేడికి అలలాడుతది, అప్పుడు 2000 జూమ్ పెట్టినా పిట్ట వణుకుతున్నట్టే వస్తది. అది ఏ కెమెరా కొన్నా తప్పదు.

జవాబు, వరంగల్ నుంచి:
ఎగిరే పిట్ట సంగతి ఎవరూ చెప్పలే. పీ900 సెకనుకు ఏడు తీస్తది, ఏడు కాంగనే ఆగి ఆలోచన చేస్తది. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూడాల్నంటే ఆ ఆగుడే పాడు చేస్తది. మార్క్ 4 సెకనుకు 24 తీస్తది, ఫోకస్ పిట్ట ఎంబడే పోతది. దాని ముందు మోడల్ మార్క్ 3కి గూడ అదే లెన్స్, గని ఫోకస్ అంత చురుకు లేదు. చవకని చెప్పి దాన్ని అంటగడ్తరు, చూసుకో.

నేనైతే సోనీని రామప్ప గుడిల మదనికలకు (ఆడబొమ్మల శిల్పాలకు) వాడిన. చూరు కింద నల్లరాయి, నీడల ఉంటయి. 200 జూమ్ చాలు, మెడల హారం పూసలు లెక్కపెట్టొచ్చు.

జవాబు, నర్సంపేట నుంచి మళ్లీ:
సెకండ్ హ్యాండ్ అయితే న్యూస్‌పేపర్ గోడకు అతికించి 600ల తీయి. నాలుగు మూలలు ఒక్కతీరుగ చదవొస్తే లెన్స్ మంచిగున్నట్టు. జూమ్ పది సార్లు ముందుకు వెనక్కి తిప్పు, గరగర అంటే వద్దు. లెన్స్‌లకు టార్చ్ కొట్టి దుమ్ము చూడు. బరువు గూడ చూసుకో, కిలో మీద 95 గ్రాములు. మెడకేస్తే మధ్యాహ్నానికి తెలుస్తది.

ప్రశ్న అడిగినాయన:
మొన్న కరెంటు తీగ మీద కూసున్న పాలపిట్టను ఎనిమిది గంటలకు, ఎండ పడ్డంక, జూమ్ 1000 కాడ ఆపి తీసిన. రొమ్ము మీది సన్నగీతలు గూడ వచ్చినయి! అదే పిట్టను ఆరుంబావుకు తీసింది మళ్లీ అలుక్కపోయిందే. నాకు ఆరుంబావే కావాలె, ఎనిమిదికి డ్యూటీ ఎక్కాలె. ఆదివారం దోస్తుతోటి పోయి సోనీ చూస్త, న్యూస్‌పేపర్ పట్టుకపోత.