చర్చ: రాత్రి రెండింటికి యాడ్స్ ఖాతా చూసుకునేవాళ్లు ఎప్పుడు పడుకుంటున్నారు?

మధురవాడ_ఒంటరి · మంగళవారం రాత్రి 1:52

ఫ్రీలాన్స్‌గా క్లయింట్ల గూగుల్, ఫేస్‌బుక్ యాడ్స్ ఖాతాలు చూసుకుంటాను. క్లయింట్లలో సగం మంది అమెరికా, మిగతావాళ్లు హైదరాబాదు, ఒకాయన ఇక్కడే విశాఖలో, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతారు. అమెరికా వాళ్లకి రాత్రి పలకాలి, కోచింగ్ సెంటర్ ఆయన పొద్దున్నే ఏడింటికి ఫోన్ చేస్తారు. మధ్యలో పడుకున్నా నిద్ర పట్టదు. ఫోన్ తలగడ కిందే ఉంటుంది, మెలకువ వచ్చినప్పుడల్లా యాడ్స్‌కి ఖర్చు ఎంతైందో చూడటం అలవాటైపోయింది.

మన ఊళ్లో ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు కదా, మీరెలా పడుకుంటున్నారు? రాత్రిపూట డబ్బు పోయిన సంగతులుంటే అవీ చెప్పండి. యోగా చెయ్యి, గోరువెచ్చని పాలు తాగు అనేవాళ్లకి ముందే ఒక నమస్కారం.

ఎంవీపీ_సెక్టార్6 · రాత్రి 2:07

పోస్టు పెట్టిన టైమ్ చూస్తేనే అర్థమైంది బ్రో. నాదీ అదే టైమ్ అనుకో.

రుషికొండ_హిల్3 · బుధవారం ఉదయం 10:15

మా ఆఫీసులో జరిగింది చెప్తాను. న్యూజెర్సీలో ఒక పళ్ల డాక్టరు ఖాతా. క్లినిక్ తెరిచి ఉండే వేళల్లోనే, అంటే వాళ్ల తొమ్మిది నుంచి ఐదు దాకా, యాడ్స్ రావాలి. షెడ్యూలు అలాగే ఉంది, బాగానే నడుస్తోంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒక రాత్రి రెండింటికి చూసి, ఇదేటి అర్ధరాత్రి యాడ్స్ తిరుగుతున్నాయి అని కంగారుపడి, "మన టైమ్ ప్రకారం" తొమ్మిది నుంచి ఐదు దాకా నడిచేలా సరిచేశాడు. గూగుల్ యాడ్స్‌లో షెడ్యూలు ఖాతా టైమ్ జోన్ ప్రకారమే నడుస్తుంది తప్ప మనం ఎక్కడ కూర్చున్నామన్నది దానికి పట్టదు. చలికాలం, న్యూయార్క్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. వాడు సరిచేశాక యాడ్స్ అక్కడ రాత్రి పదిన్నర నుంచి తెల్లారి ఆరున్నర దాకా తిరిగాయి. క్లిక్కులు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, అవతల ఎత్తింది ఆన్సరింగ్ మెషీను. వారాంతంలో రిపోర్టు తీసేదాకా ఎవరికీ తెలీలేదు. ఆ వారం ఖర్చు ఆఫీసే భరించింది.

కుర్రాడు తెలివైనవాడే. పగలు పదకొండింటికి చూసి ఉంటే ఒక్క క్షణం ఆగి ఎవరినో ఒకరిని అడిగేవాడు.

దీన్నిబట్టి నా లెక్క ఒకటే. రాత్రి చూడకపోతే పోయే డబ్బు కంటే, రాత్రి చూసి ముట్టుకుంటే పోయే డబ్బే ఎక్కువ.

ఇంకో మాట. వాళ్ల గడియారం మారే తేదీలు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. అమెరికా మార్చి రెండో ఆదివారం ముందుకి జరుపుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. మనం ఎప్పుడూ మార్చం. మార్చిలో మధ్య రెండు మూడు వారాలు న్యూయార్క్‌తో తేడా తొమ్మిదిన్నర గంటలు, లండన్‌తో మాత్రం ఇంకా ఐదున్నరే. ఇద్దరు క్లయింట్లూ ఉన్నవాడు ఆ వారాల్లో ఒక మీటింగైనా తప్పిపోతాడు.

ఎంవీపీ_సెక్టార్6 · ఉదయం 11:40

హిల్3 గారూ, బ్లాక్ ఫ్రైడే, అదే అమెరికాలో పెద్ద డిస్కౌంట్ల రోజు, దాని సంగతి కూడా చెప్పండి. ప్రతి ఏడాదీ గురువారం రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్లని చూస్తున్నాను.

రుషికొండ_హిల్3 · ఉదయం 11:58

అవును, అది మరీ అన్యాయం. నవంబరు నాలుగో గురువారం వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ, మర్నాడు బ్లాక్ ఫ్రైడే. తూర్పు తీరంలో ఆ శుక్రవారం మొదలయ్యేది మనకి శుక్రవారం పొద్దున్న పదిన్నరకి. పూర్తయ్యేది శనివారం పదిన్నరకి. గురువారం రాత్రి మనవాళ్లు కాఫీలు తాగుతూ కాపలా కాసే వేళకి అక్కడ వాళ్లు టర్కీ కోసుకుని తింటున్నారు. అసలు రద్దీ మొదలయ్యే శుక్రవారం సాయంత్రానికి వీళ్లు కుర్చీలోనే తూగుతుంటారు. గురువారం తొమ్మిదింటికే పడుకోండి బాబూ.

గాజువాక_సీషిఫ్ట్ · మధ్యాహ్నం 3:20

నేను స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాను, మా అబ్బాయి మీ పనే చేస్తాడు, వాడే ఈ చర్చ చూపించాడు. మీ యాడ్స్ గురించి నాకు తెలీదు, రాత్రి పని గురించి తెలుసు. సర్వీసంతా ఏ, బీ, సీ షిఫ్టులే.

సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసేవాడికి పగటి నిద్రంటే అదీ డ్యూటీయే. తెల్లారి ఇంటికొస్తే పేపరు పట్టుకోను, కబుర్లు లేవు. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టీవాళ్లం. మన ఊరు తూర్పు ఒడ్డున ఉంది, మే నెలలో ఐదున్నర కాకముందే సూర్యుడు వచ్చీస్తాడు. ఆ వెలుగు కంట్లో పడిందంటే ఇక నిద్ర రాదు. అందుకే ఎండ లేకపోయినా నల్లద్దాలు పెట్టుకుని బస్సెక్కీవాణ్ని, జనం నవ్వీవారు. రాత్రి రెండు దాటాక టీ ముట్టీవాణ్ని కాదు.

ఈ చర్చ మొదలెట్టినవాడి తంటా ఏటంటే వాడు ఏ షిఫ్టులోనూ లేడు. పగలూ డ్యూటీయే, రాత్రీ డ్యూటీయే.

మధురవాడ_ఒంటరి · సాయంత్రం 5:05

మాస్టారూ, మీరన్నది నిజమే కానీ ఒక్క తేడా ఉంది. ప్లాంటులో మీరు దిగితే ఇంకొకాయన ఎక్కేవారు. నాకు రిలీవరెవరు?

అల్లిపురం_అఫిలియేట్ · సాయంత్రం 6:30

రిలీవరు మనిషే కానక్కర్లేదు. పగలు పెట్టుకున్న హద్దులే రాత్రి రిలీవరు. గూగుల్‌లో ఆటోమేటెడ్ రూల్ (ఫలానాది జరిగితే ఇది చెయ్యి అని ముందే పెట్టేది) రోజుకి ఒక్కసారే నడుస్తుంది, అందుకని గంట గంటకీ చూడాలంటే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, పెట్టుకోవాలి. మెటాలో, అంటే ఫేస్‌బుక్ యాడ్స్‌లో, రూల్స్ దాదాపు అరగంటకోసారి వాటంతటవే చూస్తాయి. "ఇంత ఖర్చైనా ఒక్క లీడూ (కొనేలా ఉన్నవాడి ఎంక్వైరీ) రాకపోతే ఆపు" అని ఒక్క రూల్ చాలు. అక్కడే ఖాతా మొత్తానికి స్పెండింగ్ లిమిట్ కూడా పెట్టొచ్చు. చాలామంది అది ఉందనే చూడరు.

కొత్తవాళ్లకి ఇంకో భయం. రోజు బడ్జెట్ ఐదు వేలు పెట్టాం, రాత్రి చూస్తే తొమ్మిది వేలు దాటింది, గుండె ఆగినంత పని. గూగుల్ ఒక రోజున సగటు బడ్జెట్‌కి రెండింతల దాకా వాడుకోవచ్చు, 2017 నుంచి అదే పద్ధతి. నెలకి మాత్రం రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటదు. ఇది తెలియకే అర్ధరాత్రి క్యాంపెయిన్ పాజ్ చేసి, కాపీ తీసి, మళ్లీ కొత్తది మొదలుపెడతారు. మెటాలో అయితే మరీ కష్టం. యాడ్ సెట్ (ఒకే బడ్జెట్, ఒకే జనం కోసం పెట్టిన యాడ్ల గుంపు) ఎవరికి చూపించాలో నేర్చుకుని కుదురుకోవాలంటే వారంలో సుమారు 50 కన్వర్షన్లు, అంటే కొనడమో ఫారం నింపడమో, రావాలి. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. నిద్ర పట్టనివాడు రోజూ రాత్రి ఏదో ఒకటి కదుపుతూ ఉంటే అది ఎప్పటికీ కుదురుకోదు. ఉడుకుతున్న అన్నం కుండ మూత పది సార్లు తీసి చూసినట్టు.

చోడవరం_హల్వా · రాత్రి 8:10

నేను మార్కెటర్ని కాదు, సరుకమ్ముకునేవాణ్ని. మాడుగుల హల్వా ఆన్‌లైన్లో అమ్ముతాం. సంక్రాంతి ముందు ఒక రాత్రి సరుకైపోయింది, యాడ్లు మాత్రం తెల్లార్లూ తిరిగీసాయి. ఏజెన్సీ కుర్రాడు పడుకుండిపోయాడు, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు. ఆర్డర్లన్నీ తిప్పి డబ్బులు కట్టాల్సొచ్చింది, తిట్లు వేరే. ఇప్పుడు సరుకు సున్నా అయితే గూగుల్ షాపింగ్ యాడ్ దానంతటదే ఆగిపోతుంది, సైటులో స్టాకు లేదని చూపించాలంతే. ఫేస్‌బుక్ యాడ్లకి మాత్రం మనమే వేరేగా చూసుకోవాలి.

సిరిపురం_నెలజీతం · రాత్రి 9:25

ఎవరు ఏమన్నా నేను మాత్రం రాత్రి చూస్తాను. క్లయింటు వెబ్‌సైటు పడిపోతే రూల్‌కి తెలుస్తుందా? క్లిక్కుకి డబ్బు పోతూనే ఉంటుంది, అవతల పేజీ తెరుచుకోదు.

అల్లిపురం_అఫిలియేట్ · రాత్రి 9:50

సైటు పడిందో లేదో ఐదు నిమిషాలకోసారి చూసి ఫోన్‌కి చెప్పే సర్వీసులు ఉచితంగానే దొరుకుతాయి. అది మోగితే లే, మోగకపోతే పడుకో. హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, నెట్ లేదు. మేలుకుని ఉన్నవాడు కూడా ఖాతా తెరవలేకపోయాడు. ప్రీపెయిడ్‌గా డబ్బు వేసుకున్నవాళ్లవి వేసినంత అయ్యాక ఆగాయి, అపరిమితంగా వదిలేసినవాళ్లవి నడుస్తూనే ఉన్నాయి. తుపాను కాలం ఏటా వస్తుంది మనకి.

సిరిపురం_నెలజీతం · రాత్రి 9:58

సరే, అది ఒప్పుకుంటాను. మిగతాది కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · గురువారం ఉదయం 8:40

ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను. నేను నర్సుని. వార్డులో రాత్రి ప్రమాదకరమైన మందు ఏదైనా ఎక్కించాలంటే ఇద్దరం చూస్తాం, ఒకరు చదివితే ఒకరు సరిచూస్తారు. ఒక్కరి కళ్ల మీద వదిలెయ్యం. మీరూ బడ్జెట్‌లో సున్నాలు మార్చేప్పుడు అలా చేయొచ్చు.

నిద్రలోంచి లేచిన వెంటనే పావుగంట, అరగంట దాకా మెదడు పూర్తిగా లేవదు. ఆ సమయంలో చేతిలో ఫోన్, ఫోన్‌లో క్లయింటు డబ్బు ఉంటే ఏమవుతుందో పైన రాశారు. కాఫీ సంగతి కూడా: తాగిన ఐదారు గంటలకి కూడా అందులో సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది.

రాత్రి పనయ్యాక బండి నడిపేవాళ్లకి ఇంకా గట్టిగా చెప్తున్నాను. 17 గంటలు మేలుకుని ఉన్నవాడి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలాగే ఉంటుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి హద్దు 0.03. తెల్లారి మధురవాడ నుంచి గాజువాక వైపు హైవే మీద లారీల మధ్య వెళ్లేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆటో ఎక్కండి.

ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగు వస్తూ, గట్టిగా గురక పెడుతున్నారని ఇంట్లో అంటుంటే అది యాడ్స్ వల్ల కాకపోవచ్చు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందేమో చూపించుకోండి.

మార్కెటర్_గారి_భార్య · ఉదయం 9:30

సిస్టర్ గారూ, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఆయనకి పంపాను. మా ఇంట్లో ఛార్జర్ వంటగదిలోకి మారింది. రాత్రి పదకొండు తర్వాత ఫోన్ మోగదు, అదే నెంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి వస్తే తప్ప. క్లయింట్లందరికీ ఆ మాట చెప్పించాను. ఒకాయన అలిగాడు కానీ రెండోసారి చేసేంత పని ఇప్పటిదాకా ఆయనకి పడలేదు.

ఎంవీపీ_సెక్టార్6 · ఉదయం 9:41

వదినగారూ, మా ఇంట్లో ఛార్జర్ మార్చేవాళ్లు లేరు, మీరే రావాలి.

అడ్మిన్ · ఉదయం 10:00

మెలటోనిన్, నిద్ర మాత్రల పేర్లు, డోసులు రాసిన రెండు పోస్టులు తీసేశాం. అవి డాక్టరునే అడగండి.

మధురవాడ_ఒంటరి · ఉదయం 11:20

హిల్3 గారూ, అల్లిపురం అన్నా, రాత్రే కూర్చుని రూల్స్ పెడదామనుకున్నాను, మీ మాట గుర్తొచ్చి ఇప్పుడు పెడుతున్నాను. కార్డు సంగతి ఒక్కటి తేల్చండి. క్లయింట్ల యాడ్స్ అన్నీ నా ఒక్క కార్డు మీదే ఉన్నాయి.

అల్లిపురం_అఫిలియేట్ · ఉదయం 11:45

వెంటనే తీసెయ్యి. ఖర్చు క్లయింటు కార్డు మీదే నడవాలి, నీది నీ ఫీజు మాత్రమే. తప్పదనుకుంటే తక్కువ లిమిట్ ఉన్న వేరే కార్డు పెట్టు, లేదా మాన్యువల్ పేమెంట్‌లో వేసినంతే వాడుకోనీ. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఆటోమేటిక్‌గా కట్ అయ్యే మొత్తం 15 వేలు దాటితే ఓటీపీ అడగాలి, కానీ అదే మనల్ని కాపాడుతుందని ధీమాగా ఉండకు. చిన్న చిన్న మొత్తాలుగా పోయేది దానికి అడ్డురాదు.

రుషికొండ_హిల్3 · మధ్యాహ్నం 12:30

ఇక మనిషి రిలీవరు సంగతి. సిరిపురంలో ఒకావిడా, నేనూ వారం వారం మార్చుకుంటాం. పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకోవడం లేదు, ఎవరి లాగిన్ వారిదే. మేనేజరు ఖాతాలో (క్లయింట్ల గూగుల్ ఖాతాలన్నీ ఒకచోట చూసుకునేది) ఆవిడకి స్టాండర్డ్ యాక్సెస్ ఇచ్చాను. అందులో క్యాంపెయిన్ ఆపొచ్చు, కొత్త మనుషుల్ని మాత్రం చేర్చలేరు. ఒప్పందం ఒక్కటే: రాత్రి కాపలా ఉన్నవాళ్లు ఆపొచ్చు కానీ మార్చకూడదు. మార్పులన్నీ పగలే.

సిరిపురం_నెలజీతం · మధ్యాహ్నం 12:41

ఇది నచ్చింది. నాకు శుక్ర, శని రాత్రులు ఖాళీ. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి.

మధురవాడ_ఒంటరి · మధ్యాహ్నం 12:44

పెట్టాను. థాంక్స్‌గివింగ్ వారం శనివారం పొద్దున్న పదిన్నర దాకా ఉండగలరా? బదులుగా మీ సంక్రాంతి రాత్రులు నేను చూస్తాను.