ప్రమోషన్ ఖాయం అన్నారు, ఇప్పుడు లేదంటున్నారు, పని మాత్రం నన్నే చేయమంటున్నారు

ఇంకా_సీనియరే:

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. ఈ కంపెనీలో నాకు ఆరేళ్ళు. ఎనిమిది నెలల కింద మా టీమ్ లీడ్ మానేశాడు, ఆయన ప్లేస్‌లో ఎవర్నీ తీసుకోలేదు. "కొన్నాళ్ళు నువ్వు చూసుకో, అప్రైజల్ టైమ్‌కి లీడ్ నీదే" అన్నాడు మా మేనేజర్. సరే అని షిఫ్టుల రోస్టర్ వేయడం, క్లయింట్ కాల్స్, కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పడం, లీవులు అప్రూవ్ చేయించడం (అప్రూవ్ బటన్ నా దగ్గర లేదు, ఎవరికి లీవ్ కావాలన్నా నేనే మేనేజర్ వెంట పడాలి, అదో నరకం) అన్నీ నెత్తిన వేసుకున్నా.

రెండు నెలల కింద అప్రైజల్ మీటింగ్‌లో "అయిపోయింది, ఖాయం, ఇక పేపర్ వర్కే" అని చేయి కూడా కలిపాడు. అంతటితో ఆగలేదు, టీమ్‌కి పంపే మెయిల్‌లో పెట్టడానికి నీ గురించి నాలుగు లైన్లు రాసివ్వు అంటే రాసిచ్చా. ఆ నాలుగు లైన్లు ఇంకా నా డ్రాఫ్ట్స్‌లో ఉన్నాయి, డిలీట్ చేయబుద్ధి కావట్లేదు.

మొన్న గురువారం పదిహేను నిమిషాల కాల్. "పైనుంచి ఈసారికి హోల్డ్ అన్నారు, నీ పనిలో ఏ లోపం లేదు, నెక్స్ట్ సైకిల్‌లో చూద్దాం." నేను "పర్లేదు సార్" అన్నా. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావట్లేదు, పర్లేదు అని ఎవడన్నాడు అసలు. ఆ కాల్‌లోనే, ఊపిరి కూడా తీసుకోకుండా, "రోస్టర్ మాత్రం నువ్వే కంటిన్యూ చెయ్" అన్నాడు.

ఇంట్లో చెప్పేశా ఆల్రెడీ. మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది, ఫోన్ చేసినవాళ్ళల్లా కంగ్రాట్స్ అంటుంటే ఏం చెప్పాలో తెలీట్లేదు. నిజానికి డబ్బు కన్నా అదే ఎక్కువ కాల్తోంది.

రాతపూర్వకంగా ఏం లేదు, చాట్‌లో "కంగ్రాట్స్ ఇన్ అడ్వాన్స్" అన్న ఒక్క మెసేజ్ తప్ప. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళాలా, పేపర్ పెట్టేయాలా, లీడ్ పని ఆపేస్తే తప్పా? ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గోడమీద_పిల్లి:

పేపర్ పెట్టేయ్ బ్రో. ఆరేళ్ళు చేసినవాడికే మాట మీద నిలబడలేదంటే ఇంకో ఆరేళ్ళకి కూడా ఇదే పాట. నెక్స్ట్ సైకిల్ అనే మాట నేను మూడు సైకిల్స్ విన్నా. నాలుగోసారి వినడానికి ఆగలేదు.

పాత_హెచ్‌ఆర్:

పిల్లి గారూ, చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా పేపర్ పెట్టమనడం మనకి ఈజీనే, ఈఎంఐలు మనం కట్టం కదా.

తమ్ముడూ, పదకొండేళ్ళు హెచ్‌ఆర్‌లో చేసి బయటికొచ్చాను కాబట్టి ఇప్పుడు నాకు నోరు కాస్త ఫ్రీ. ముందు ఒకటి తేల్చుకో, పోయింది పోస్టా, నీ పేరా? బయటికి రెండూ "హోల్డ్" అనే వినిపిస్తాయి కానీ రెండూ పూర్తిగా వేరు. పోస్టే తీసేస్తే నువ్వు ఎంత బాగా చేసినా వచ్చేది లేదు, కానీ నీ మీద మచ్చ కూడా లేదు. పోస్టు ఉండి నీ పేరు మాత్రమే పోతే లోపల ఎవరో అడ్డం చెప్పారు, లేదా ఇంకెవరి పేరో పైకొచ్చింది. అప్పుడు నెక్స్ట్ సైకిల్‌లో కూడా ఆ మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు.

లోపల జరిగేది చెప్తా. మేనేజర్ పేరు పంపుతాడు, అది నామినేషన్ మాత్రమే. తర్వాత అన్ని టీమ్‌ల మేనేజర్లు ఒక రూమ్‌లో కూర్చుని మావాడు గొప్ప, కాదు మావాడు గొప్ప అని కొట్టుకుంటారు, దానికి కాలిబ్రేషన్ అని మంచి పేరు. ఇన్ని ప్రమోషన్లే అని ముందే లెక్క ఉంటుంది. ఆ లిస్టు మీద ఫైనాన్స్ వాళ్ళు సంతకం పెట్టాలి, ఏ స్టేజ్‌లో అయినా గీత పడొచ్చు. జాక్ వెల్చ్ బాస్‌గా ఉన్న టైమ్‌లో అమెరికా కంపెనీ జీఈలో 20-70-10 అని, అంటే పైన ఇరవై శాతం, మధ్యలో డెబ్భై, అడుగున పది అని మనుషుల్ని మూడు ముక్కలు చేసేవాళ్ళు, అది చూసి చాలా కంపెనీలు మొదలుపెట్టాయి, మైక్రోసాఫ్ట్ లాంటిది కూడా అలా ర్యాంకులేసి చివరికి 2013లో వదిలేసింది. బెల్ కర్వ్ (ఇంతమందికే మంచి ర్యాంకు అని ముందే గీసే గీత) మేం తీసేశాం అని గొప్పగా చెప్పే చోట కూడా స్లాట్ల లెక్క మాత్రం ఎక్కడికీ పోలేదు, నేనే ఆ ఎక్సెల్ షీట్లు చేసేదాన్ని. నా అనుమానం ఏంటంటే మీవాడు నామినేషన్ పంపిన రోజే ఖాయం అనేశాడు. దుర్మార్గం అనను, నోటి దురద.

ఇంకోటి, ఇంత మంట ఎందుకు అని నిన్ను నువ్వు తిట్టుకోకు. డెనిస్ రూసో అనే ఆవిడ 1989లోనే దీని మీద రాశారు, సైకలాజికల్ కాంట్రాక్ట్ అంటారు. కాగితం మీద లేకపోయినా ఉద్యోగి మనసులో అది అగ్రిమెంటే. జీతం తక్కువైతే నిరాశ పడతాం, మాట తప్పితే మోసపోయాం అనిపిస్తుంది. నీకు జరిగింది రెండోది.

హెచ్‌ఆర్‌కి వెళ్ళు, కానీ కంప్లైంట్‌తో వెళ్ళకు, ఎందుకంటే ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు కంపెనీ మనుషులు (నేనూ అంతే, ఒప్పుకుంటున్నా). దానికంటే ముందు మేనేజర్‌కి మెయిల్ పెట్టు. "గురువారం మాట్లాడుకున్న ప్రకారం లీడ్ ప్రమోషన్ ఈ సైకిల్‌కి హోల్డ్‌లో ఉందని అర్థం చేసుకున్నాను. పోస్ట్ ఉందా లేదా, నిర్ణయం ఎవరిది, మళ్ళీ ఏ తేదీకి చూస్తారు, అప్పటిదాకా లీడ్ పనులు ఎవరివి, ఈ నాలుగూ తెలియజేయగలరు." అంతే. అన్యాయం, నమ్మకద్రోహం లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. రాత్రి పన్నెండింటికి అస్సలు పంపకు.

అటువైపు_కుర్చీ:

తిట్టుకోకండి, నేను మేనేజర్‌ని, రెండేళ్ళ కింద అచ్చం ఇలాగే ఒకమ్మాయికి మాటిచ్చి తప్పాను. మా డైరెక్టర్ కారిడార్‌లో "చేసేద్దాం లే" అన్నాడు, ఆ "చేసేద్దాం లే" ని పట్టుకుని నేను వెళ్ళి ఆ అమ్మాయికి "అయిపోయింది" అని చెప్పా, ఎందుకంటే మంచి వార్త చెప్పే అవకాశం మాకు ఏడాదికి ఒకసారి కూడా రాదు, ఆ మొహం వెలగడం చూడాలని తొందర, తర్వాత అది పోయింది, పోయాక నేను చేసిన దరిద్రపు పని ఏంటంటే ఆ అమ్మాయిని తప్పించుకు తిరిగా, వన్ ఆన్ వన్‌లు వాయిదా వేశా, కళ్ళల్లోకి చూడలేక. నాలుగు నెలలకి వెళ్ళిపోయింది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ప్రమోషన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదట, "మా మేనేజర్ నాతో మాట్లాడటం మానేశాడు" అని చెప్పిందట.

మీకు పనికొచ్చే ముక్క ఏంటంటే, మీవాడు ఇప్పుడు లోపల సిగ్గుతో ఉంటాడు, అడగాల్సినవి అడగడానికి ఇదే టైమ్. రెండు నెలలైతే ఆ సిగ్గు ఆరిపోతుంది, "నువ్వు ఆల్రెడీ చేస్తున్నావ్ కదా" అనే మూడ్‌లోకి వచ్చేస్తాడు. నిజం చెప్తున్నా, లీడ్ పని ఫ్రీగా జరిగిపోతుంటే పైన ఎవరికీ ఆ పోస్ట్ నింపాలనే అవసరం కనపడదు. నేను ఖాళీ చూపించి పోస్ట్ అడిగినప్పుడు ప్రతిసారీ నాకొచ్చిన ప్రశ్న "ఇప్పుడు నడుస్తోంది కదా?"

అలాగని రేపే చేతులెత్తేయకండి, టీమ్‌లో పిల్లలు ఇబ్బంది పడతారు, పేరు మీకే చెడుతుంది. ఒక తేదీ చెప్పి అప్పగించండి.

నల్లకోటు:

నేను లాయర్ని. మీది ఏ దేశమో తెలీదు కాబట్టి పైపైన చెప్తున్నా. నోటి మాట ప్రమోషన్ మీద కోర్టుకెళ్ళి గెలవడం చాలా కష్టం. ఇంగ్లిష్ చట్టంలో 1947 నాటి హై ట్రీస్ కేసులో డెన్నింగ్ జడ్జి, ఒకడి మాట నమ్మి ఇంకొకడు నడుచుకున్నాక మాటిచ్చినవాడు వెనక్కి పోవడం కుదరదు అన్నాడు. అది చదివి మా జూనియర్లు ఎగిరి గంతేస్తారు. కానీ 1951లో కూంబ్ కేసులో అదే డెన్నింగ్ ఉన్న బెంచి, దాన్ని ఆధారం చేసుకుని కొత్తగా దావా వేయడం కుదరదు అంది, అంటే అది డాలే గానీ కత్తి కాదు. అమెరికాలో దాని మీద కేసు వేసే దారి ఉంది, అక్కడ కూడా మాట స్పష్టంగా ఉండాలి, మాటిచ్చినవాడికి ఆ అధికారం ఉందా అనేది కూడా చూస్తారు. "కంగ్రాట్స్ ఇన్ అడ్వాన్స్" తో అంత దూరం వెళ్ళలేరు.

ఒక్క జాగ్రత్త. ఏ రోజు ఎవరేమన్నారో మీ సొంత పుస్తకంలో రాసుకోండి, కానీ ఆఫీస్ ఫైళ్ళు, మెయిళ్ళు మీ పర్సనల్ మెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోకండి. న్యాయం మీ వైపు ఉన్నా పాలసీ వయొలేషన్ అని మిమ్మల్నే బోనులో నిలబెడతారు, నేను చూశా.

ఇంకా_సీనియరే:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా అక్కకి. ఆ మెయిల్ దాదాపు అలాగే సోమవారం పొద్దున పంపించా. మెయిల్‌కి జవాబు రాలేదు, ఫోన్ వచ్చింది (కాగితం మీద పెట్టడం ఇష్టం లేదన్నమాట). పోస్టే తీసేశారట, ఫైనాన్స్ వాళ్ళు మా డిపార్ట్‌మెంట్‌లో మూడు పోస్టులు కొట్టేస్తే అందులో ఇదొకటి. అంటే నా పేరు పోలేదు. అది విన్నాక కొంచెం ఊపిరి ఆడింది, అబద్ధం చెప్పను.

కానీ మాటల్లో ఇంకోటి జారింది. ఇది ఆయనకి ఐదు వారాల ముందే తెలుసట. ఆ ఐదు వారాల్లో నేను రెండు వీకెండ్లు సిస్టమ్ మార్పిడికి ఆఫీస్‌లో పడుకున్నా, "లీడ్ అంటే ఇలాగే ఉండాలి" అని మెచ్చుకున్నాడు కూడా. అదే మింగుడు పడట్లేదు. ఇప్పుడేమో యాక్టింగ్ లీడ్ అని టైటిల్ ఇస్తా, జీతం మాత్రం ఇప్పుడు కుదరదు అంటున్నాడు. తీసుకోవాలా?

గోడమీద_పిల్లి:

ఐదు వారాలా! నేను అప్పుడే చెప్పా. వద్దు బ్రో, అది ఉత్తుత్తి కిరీటం.

అటువైపు_కుర్చీ:

ఐదు వారాలు దాచడం తప్పే, నా జాతివాడని వెనకేసుకు రాను. పని అయ్యేదాకా చెప్పొద్దని పైనుంచే చెప్పి ఉంటారు, అయినా తప్పే.

టైటిల్ విషయంలో మాత్రం పిల్లి గారితో నేను ఏకీభవించను. సిస్టమ్‌లో రికార్డ్ అయ్యే టైటిల్ అయితే తీసుకోండి, ఊరికే మెయిల్ సిగ్నేచర్‌లో రాసుకునేదైతే వద్దు. బయట ఇంటర్వ్యూలో "లీడ్‌గా చేశాను" అంటే ఎవరైనా వెరిఫై చేస్తే లెటర్‌లో కనపడాలి. దాంతో పాటు ముగింపు తేదీ అడగండి, మూడు నెలలో, ఆరు నెలలో, ఆ రోజుకి జీతం రాకపోతే పాత పనికే వెళ్ళిపోతాను అని. లీవ్ అప్రూవ్ బటన్ కూడా అడగండి, అది ఫ్రీనే కదా వాళ్ళకి.

పాత_హెచ్‌ఆర్:

తేదీ లేకపోతే వద్దు. యాక్టింగ్‌లోనే రిటైరైనవాళ్ళని చూశా, జోక్ కాదు.

ఈలోగా బయట వెతకడం మొదలుపెట్టు, ఆఫీస్‌లో ఎవరికీ చెప్పకు. ఆఫర్ వస్తే దాన్ని చూపించి బేరం ఆడాలనుకుంటే మాత్రం నిజంగా వెళ్ళిపోవడానికి రెడీగా ఉన్నప్పుడే చూపించు, ఎందుకంటే "సరే వెళ్ళు" అంటే వెళ్ళాలి. కౌంటర్ ఇచ్చి ఆపినా ఆ తర్వాత నిన్ను వెళ్ళబోయేవాడి లాగానే చూస్తారు, ఏదైనా ముఖ్యమైన పని వస్తే ఇంకొకళ్ళకి ఇస్తారు. నేను కూర్చున్న మీటింగుల్లోనే ఆ మాట అన్నారు.

ఇంటి విషయం కూడా అడిగావు కదా, ఎవరూ పట్టించుకోలేదు పాపం. అమ్మకి సింపుల్‌గా చెప్పు, కంపెనీ ఆ పోస్టే తీసేసింది అని. ఇప్పుడది నిజమే కదా.

ఇంకా_సీనియరే:

శుక్రవారం దాకా ఆ ముగింపు తేదీ అడుగుతూనే ఉన్నా, "అంత పర్టిక్యులర్‌గా చెప్పలేను" అన్నాడు. అయితే వద్దు సార్ అని మర్యాదగానే చెప్పి, వచ్చే నెల ఒకటి నుంచి రోస్టర్, క్లయింట్ కాల్స్ మీకు అప్పగిస్తున్నాను, కొత్తవాళ్ళ ట్రైనింగ్ మాత్రం పూర్తి చేస్తాను అని మెయిల్ పెట్టా. రోస్టర్ ఫైల్ కూడా దానికే అటాచ్ చేసి పంపేశా.

సాయంత్రం ఫోన్ చేసి, ఒకటో తారీఖు ఆదివారం పడింది, నైట్ షిఫ్ట్‌కి ఎవర్ని వేయాలి అని అడిగాడు. "మీరే చూడండి సార్" అన్నా. చేతులు కొంచెం వణికాయి గానీ అన్నా.

అమ్మకి రేపు చెప్తా.