పొద్దున టిఫిన్లు మాత్రమే పెడితే హోటల్ నడుస్తుందా? నిజాంపేటలో షాపు చూశాను

నిజాంపేట_కొత్తవాడు:
నేను, మా ఆవిడ కలిసి హైదరాబాద్ నిజాంపేటలో టిఫిన్ సెంటర్ పెడదామనుకుంటున్నాం. పొద్దున 6 నుంచి 11 వరకే. మధ్యాహ్నం భోజనాలు లేవు, సాయంత్రం బజ్జీలు లేవు, షట్టర్ దించేసి ఇంటికి పోవడమే. మా ఆవిడ చేసే అల్లం పచ్చడికి అపార్ట్‌మెంట్‌లో మంచి పేరుంది, సగం ధైర్యం దాంతోనే. షాపు 350 చదరపు అడుగులు, అద్దె 40 వేలు, చుట్టూ హాస్టళ్లు, ఐటీ వాళ్ల ఇళ్లు. రోజుకు 250 మంది, మనిషికి 60 రూపాయలు వేసుకున్నా 15 వేల బేరం అని నా లెక్క. మా మామగారేమో "రోజంతటికీ అద్దె కట్టి ఐదు గంటలు అమ్ముకునేవాణ్ని నిన్నే చూస్తున్నా" అంటున్నారు. మెనూలో 22 రకాలు రాసుకున్నాం, అందులో దోశలే తొమ్మిది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, తిట్టినా పర్లేదు.

గుంటూరు_పెనం:
తిట్టమన్నారు కాబట్టి మొదలుపెడతా. మా నాన్న గుంటూరులో 19 ఏళ్లు పొద్దున టిఫిన్లే నడిపారు, ఆ డబ్బుతోనే నేను ఇంజినీరింగ్ చదివాను, కాబట్టి నడుస్తుందా అంటే నడుస్తుంది. మీ మామగారి భయం అద్దె గురించి, నా భయం మీ దోశల గురించి. ఐదు గంటలు అనుకుంటున్నారు గానీ అసలు బేరం 7.30 నుంచి 9.30 దాకానే, మిగతాదంతా వాకింగ్ వాళ్లూ, ఆలస్యంగా లేచిన హాస్టల్ పిల్లలూ. ఆరు దోశలు పట్టే పెనం మీద ఒక వాయికి నాలుగు నిమిషాలు వేసుకోండి. గంటకు 90, రెండు గంటలకు 180, అదీ మాస్టర్ చెయ్యి ఆగకపోతే. ఒకరు చీజ్ అని, ఒకరు ఉల్లిపాయ వద్దని, ఇంకొకరు లోపల ఉప్మా పెట్టమని అంటే ఆ వాయి అక్కడే నిలబడిపోతుంది, వెనక పదిమంది ఫోన్‌లో టైము చూసుకుని పక్క బండికి పోతారు. దోశలు మూడు రకాలు చాలు. ఇడ్లీ, వడ, ఉప్మా లాంటివి వెంటనే ప్లేట్లో పెట్టి ఇచ్చేయొచ్చు, హోటల్‌ని నిలబెట్టేవి అవే.

ఇంకోటి, సంక్రాంతికి ఊరెళ్లిన మా మాస్టర్ ముందే తీసుకున్న అడ్వాన్స్‌తో సహా ఇంకో హోటల్లో తేలాడు. పది రోజులు మా అమ్మే పెనం దగ్గర నిలబడింది. మీ ఇద్దరిలో దోశ ఎవరు పోస్తారు? ఇంట్లో నలుగురికి పోయడం కాదు, రెండు గంటలు ఆపకుండా. ఆరింటికి తెరవాలంటే మూడింటికి లేవాలి, రాత్రి తొమ్మిదికి పడుకోవాలి, ఇక పెళ్లిళ్లూ రిసెప్షన్లూ మర్చిపోండి.

చార్మినార్_చాయ్:
హైదరాబాద్‌కి ఇది కొత్తేం కాదన్నా. పొద్దున్నే తినే మాంసం పులుసు నహారీనే చూడు, నహార్ అంటే అరబీలో పగలు, పేరులోనే టైము పెట్టుకుంది. నాంపల్లి రామ్ కీ బండి పేరు మోసింది తెల్లవారుజాము దోశలతోనే కదా. అందరూ షట్టర్లు తీయకముందే మనవాళ్లకు ఆకలేస్తుంది, అంతే.

కోనసీమ_పిల్ల:
మా వైపు అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నారా? పనసాకులతో బుట్టలు కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు వాసన దిగుతుంది. దానికోసమే పక్క ఊళ్ల నుంచి బండ్లేసుకుని వస్తారు. 22 రకాలు చూసి ఎవరూ రారండీ, ఒక్కదాని కోసం వస్తారు. మీకు అల్లం పచ్చడి ఉందిగా, పెసరట్టు పెట్టండి. పెసర పిండి మాత్రం ఏ రోజుకారోజు రుబ్బాల్సిందే, రాత్రి రుబ్బి ఉంచితే రుచి పోతుంది.

లెక్కల_పంతులు:
15 వేల చొప్పున నెలకు 4.5 లక్షలు, ఏడాదికి 54 లక్షలు. చిన్న షాపే కదా అనుకోకండి, 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. మామూలు హోటల్‌కి 5 శాతం, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీమ్‌లోకి వెళ్తే అదే 5 శాతం మీ జేబులోంచి కట్టాలి, బిల్లులో వేయకూడదు. అంటే 60 రూపాయల్లో మూడు రూపాయలు మీవి కావు. రేటు పెట్టేముందే చూసుకోండి, బోర్డు రాయించాక కాదు.

నల్లకుంట_అక్క:
తమ్ముడూ, నేను పెట్టి మూసేసినదాన్ని, కాబట్టి నా మాటా విను. అద్దె కలిసొస్తుందని సాయంత్రం పూట షాపుని నూడిల్స్ అబ్బాయికి ఇచ్చాను. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత పొద్దున నాలుగింటికి షట్టర్ ఎత్తితే గచ్చంతా నూనె జిడ్డు, కాలువ జామ్, వెల్లుల్లీ సాసు వాసన. ఇడ్లీకి ఆ వాసన పడితే ఇంకేముంది. గ్యాస్ ఎవరు ఎంత వాడారో రోజూ గొడవ. పైగా అతను ఇంట్లో వాడే ఎర్ర సిలిండర్ తెచ్చి పెట్టాడు, అది హోటల్లో వాడకూడదు, 19 కేజీలది కమర్షియల్‌దే వాడాలి, పట్టుకుంటే పేరు నాది. షాపు ఓనర్‌కి తెలిసి అగ్రిమెంట్ చూపించాడు, వేరేవాళ్లకు ఇవ్వడానికి లేదని రాసుందట, నేను చదవలేదు.

నువ్వైతే ఇంకొకరికి ఇవ్వొద్దు. గ్రైండర్ ఎలాగూ కొంటావు, మధ్యాహ్నం అది ఖాళీయే. ఇడ్లీ పిండి, దోశ పిండి కేజీ ప్యాకెట్లు చేసి సాయంత్రం మీ అపార్ట్‌మెంట్లలోనే అమ్ముకో. మాస్టర్ అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. నాకు ఆ ఆలోచన మూసేశాక వచ్చింది.

డల్లాస్_దోశ:
ఇక్కడ ఫస్ట్ వాచ్ అని ఒక చైన్ ఉంది, మధ్యాహ్నం రెండున్నరకల్లా కట్టేస్తారు, రాత్రి భోజనం ఊసే లేదు. 2021లో ఇక్కడి స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ కూడా అయింది. ఒకటే షిఫ్టు కాబట్టి సాయంత్రాలు ఖాళీ అని స్టాఫ్‌ని పిలుస్తారు. మాస్టర్ దొరకడం కష్టమంటున్నారు కదా, మీరూ అదే మాట చెప్పి చూడండి. పదకొండున్నరకి ఇంటికి పంపించే హోటల్ అక్కడ ఎన్ని ఉంటాయి?

గుంటూరు_పెనం:
డల్లాస్ అన్నా, మాట బాగుంది, కానీ మూడింటికి లేచినవాడికి సాయంత్రం ఖాళీ అయినా నిద్రే.

నిజాంపేట_కొత్తవాడు:
అందరికీ థ్యాంక్స్. రాత్రి మా ఆవిడతో కూర్చుని మెనూ ఎనిమిదికి తెచ్చాం, చీజ్ దోశ దగ్గర మాత్రం చిన్న యుద్ధమే జరిగింది. దోశ ఎవరు పోస్తారన్న దానికి జవాబు లేదు, నేను పోస్తే అమెరికా మ్యాప్ వస్తుంది. నిజాంపేటలోనే ఒక తెలిసినాయన హోటల్లో నెల రోజులు జీతం లేకుండా నిలబడతానని అడిగాను, సోమవారం నుంచి రమ్మన్నారు, నాలుగింటికి. అగ్రిమెంట్ కూడా తెప్పించి చదువుతున్నా అక్కా. ఒక డౌటు, షాపులో నీళ్లు బోరువే, ఎండాకాలం ట్యాంకరేనని పక్క షాపాయన అంటున్నాడు.

నల్లకుంట_అక్క:
ట్యాంకర్ డబ్బులు ఎవరు కట్టాలో అందులోనే రాయించు. అడ్వాన్స్ ఇవ్వకముందే.