‘స్థితిగతుల అధ్యయనం’ అని రాస్తే చాలదన్నారు: పరిశోధన ప్రతిపాదనను ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: కందుకూరు విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేసి, నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతున్నాను. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలో అర్హత సాధించి ఈమధ్య ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూకు వెళ్ళాను. నేను తీసుకువెళ్ళిన ప్రతిపాదన శీర్షిక ‘పొగాకు మహిళా కూలీల సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ప్రకాశం జిల్లాపై ఒక అధ్యయనం’. అందులో ఆరు లక్ష్యాలు, నాలుగు పరికల్పనలు (పరీక్షించి చూడవలసిన అంచనాలు), అయిదు అధ్యాయాల విభజన ఉన్నాయి. శోధ్‌గంగలో (పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే చోటు) చూసిన పాత సిద్ధాంత గ్రంథాల నమూనాలోనే శ్రద్ధగా రాశాను.

బోర్డులో ఒక పెద్దాయన రెండు పేజీలు తిరగేసి, “వాళ్ళు పేదవాళ్ళని, కూలి చాలడం లేదని నీకు ఇప్పటికే తెలుసు కదమ్మా, తెలిసిన దాన్ని మూడేళ్ళు పరిశోధించడం ఎందుకు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. సీటు రాలేదు.

ఈ విషయాన్ని నేను మార్చుకోదలచుకోలేదు. మా అమ్మ ఇరవై ఏళ్ళు బ్యారన్ల (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్లు) దగ్గర కర్రలకు ఆకు అల్లింది, గ్రేడింగు చేసింది. ఆకు అల్లి వచ్చిన రోజు ఎంత తోమినా చేతుల జిగురు వదిలేది కాదు, ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదెక్కేది. ఈ పని గురించి నాకు చాలా తెలుసు, కానీ తెలిసినదంతా పరిశోధన ఎందుకు కాలేకపోతున్నదో మాత్రం అర్థం కావడం లేదు. ప్రతిపాదనను ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: నెల్లూరు విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, ఆ పెద్దాయన అడిగిన తీరు కఠినంగా ఉండవచ్చు గానీ ప్రశ్న సరైనదే. మీరు రాసింది విషయం మాత్రమే, అందులో ప్రశ్న లేదు. ‘స్థితిగతులు’ అన్న మాట కింద కూలి, ఇల్లు, అప్పు, చదువు, ఆరోగ్యం అన్నీ ఇముడుతాయి కాబట్టి, ఏది కనిపించినా అది మీ పరిశోధనలో భాగమే అవుతుంది, ఏది కనిపించకపోయినా మీ పరిశోధనకు నష్టం ఉండదు. నిజమైన ప్రశ్నకు, మీరు అనుకున్నది తప్పని తేలే వీలు ఉండాలి. ఆ వీలు లేనప్పుడు పరికల్పనలు నాలుగు రాసినా నలభై రాసినా అవి అలంకారంగానే మిగులుతాయి.

మా నెల్లూరు జిల్లా నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. అక్షరాస్యత తరగతులు, వాచకంలోని సీతమ్మ కథ, అక్కడి నుంచి సారా దుకాణం మీదికి వెళ్ళిన ఆడవాళ్ళు, చివరికి 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, ఇదంతా అందరికీ తెలిసిన చరిత్ర. దీని మీద ‘సారా ఉద్యమంలో మహిళల పాత్ర’ అని ప్రతిపాదన తెచ్చిన విద్యార్థులను నేను చాలామందిని చూశాను. వారిని నేను అడిగేది ఒక్కటే: అక్షరాస్యత తరగతులు నడిచిన ఊళ్ళన్నింటిలోనూ ఉద్యమం ఒకే తీరుగా నడిచిందా? నడవకపోతే, పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళలో ఒక దానిలో దుకాణం మూతపడి, రెండో దానిలో సాగడానికి కారణం ఏమిటి? తరగతి నడిపిన కార్యకర్తా, ఊళ్ళోని కులాల పొందికా, దుకాణం ఎవరి చేతిలో ఉన్నదన్న సంగతా? ఇలా అడిగిన క్షణం నుంచి ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ కాగితాలు వెతకాలో దానంతట అదే తెలుస్తుంది. పోలికలో నుంచి ప్రశ్న పుడుతుంది.

మీ అమ్మగారిని అడగండి. ఒక బ్యారన్‌కూ మరో బ్యారన్‌కూ, ఒక ఊరికీ మరో ఊరికీ, ఆమె పనిచేసిన తొలి సంవత్సరాలకూ చివరి సంవత్సరాలకూ ఏమి తేడా ఉన్నదో అడగండి. ఆమెకు వింతగా తోచినదేదో అక్కడ మీ ప్రశ్న ఉంటుంది.

ఇంకొక మాట. శోధ్‌గంగలో ఉండేవి పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు. ప్రతిపాదన రాయడానికి వాటిని నమూనాగా తీసుకుంటే, వంట అయిపోయిన తర్వాతి విస్తరిని చూసి పొయ్యి వెలిగించబోయినట్టు ఉంటుంది. శోధ్‌గంగను నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారిదే శోధ్‌గంగోత్రి అని మరొకటి ఉంది, పరిశోధకులు మొదట్లో సమర్పించి ఆమోదం పొందిన సినాప్సిస్‌లు (పరిశోధన ప్రణాళికలు) అందులో దొరుకుతాయి. వాటిని చదవండి, అయితే అక్కడ ఉన్నవన్నీ మంచివేనని అనుకోకండి.

జవాబు 2: ఒంగోలు పరిశోధకురాలు

నేను ఇదే ప్రాంతంలో వ్యవసాయ కూలీల మీద పరిశోధన చేసి డిగ్రీ పొందాను. సార్ ప్రశ్న గురించి చెప్పారు కాబట్టి, ప్రతిపాదనలో అందరూ అరపేజీలో ముగించే పద్ధతుల విభాగం గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మొదట నమూనా సంగతి. నా ప్రతిపాదనలో, ఎంతమందిని అడగాలో లెక్కకట్టే యమానే సూత్రం ప్రకారం 385 మందిని ఎంచుకుంటానని రాశాను. పదివేల జనాభాకు, అయిదు శాతం పొరపాటుకు లెక్క వేస్తే వచ్చే సంఖ్య అది. లెక్క తప్పు కాదు. కానీ ఆ సూత్రం పనిచేయాలంటే ఆ పదివేల మంది జాబితా చేతిలో ఉండి, అందులో నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకోగలగాలి. పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది, దాని దగ్గర నమోదు ఉండేది రైతుకు, లైసెన్సు ఉండేది బ్యారన్‌కు. ఆకు అల్లే మనిషి పేరు ఆ రికార్డులో ఉండదు. జనగణనలో ‘వ్యవసాయ కూలీలు’ అన్న వర్గం ఉంటుంది గానీ అది పంటల వారీగా విడిపోదు. కాబట్టి మీరు లైసెన్సు ఉన్న బ్యారన్ల నుంచి మొదలుపెట్టి, ఎంచుకున్న ప్రతి బ్యారన్ దగ్గరా ఆ సీజన్లో పనిచేసిన వారి జాబితాను మీరే తయారు చేసుకోవలసి ఉంటుంది. ఆ పనికి ఎన్ని రోజులు పడుతుందో ప్రతిపాదనలోనే రాయండి. జాబితా లేదని దాచి సూత్రం రాసేకంటే, లేదని చెప్పి ఎలా తయారు చేస్తారో వివరిస్తే చదివేవారికి మీమీద నమ్మకం కలుగుతుంది.

రెండవది, ఎక్కడ కూర్చుని అడుగుతారన్నది. నా మొదటి నెల మొత్తం వృథా అయింది, అది ఎలాగో చెబుతాను. ప్రశ్నావళి పట్టుకుని గ్రేడింగు జరిగే పాక దగ్గరకు వెళ్ళాను. ఆకును మేలు రకం, మధ్య రకం, లో గ్రేడు అని కుప్పలుగా వేరు చేస్తున్నారు. నేను అడుగుతుంటే ఆమె చెయ్యి ఆగదు, కన్ను ఆకు మీద నుంచి లేవదు. “కూలి సరిపోతున్నదా అక్కా?” అంటే “సరిపోతుందమ్మా” అన్నది. పక్కామె కూడా అదే మాట, ఆ పక్కామె కూడా అదే మాట. పదిహేను ఫారాలు నిండాక తల ఎత్తి చూస్తే, రైతు నా వెనక మంచం మీద కూర్చుని ఉన్నాడు. సాయంత్రం అదే ఆడవాళ్ళతో ఆటోలో ఊరికి వెళుతుంటే, కూలీలను పనికి కుదిర్చే మేస్త్రీ కూలిలో ఎంత పట్టుకుంటాడో, అడ్వాన్సు ఎలా తీరుతుందో, ఎవరు ఎవరి పొలానికి ఎందుకు పోరో అన్నీ వాళ్ళే చెప్పారు. ఆ పదిహేను ఫారాలను నేను విశ్లేషణలో వాడలేదు.

అందుకని మీ ప్రతిపాదనలో ‘ముఖాముఖి పద్ధతిలో సమాచారం సేకరించబడుతుంది’ అన్న వాక్యం ఉంటే కొట్టివేసి, ఏ వేళ, ఎవరు లేనిచోట, ఎంతసేపు మాట్లాడతారో రాయండి. సమ్మతి విషయం కూడా అక్కడే తేల్చండి. రైతు అనుమతి ఇస్తే కూలీ సమ్మతి ఇచ్చినట్టు కాదు. మీరు రాసిన ఊరి పేరు, కూలీల ముఠా పేరు చూసి ఎవరు ఏమి చెప్పారో గుర్తుపట్టగలిగితే మరుసటి సీజన్లో ఆ మనిషికి పని పోతుంది. ఊరి పేర్లు మార్చి రాస్తానని ముందే చెప్పండి.

జవాబు 3: కావలి పాఠకుడు

పై రెండు జవాబులూ విలువైనవే. అయితే స్థితిగతుల వర్ణనకు విలువ లేదన్న అర్థం వస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఈ కూలీల జాబితా ఎక్కడా లేదని ఒంగోలు మేడమ్ గారే చెప్పారు. అలాంటి చోట ఎంతమంది, ఎన్ని రోజులు, ఏ పనికి ఎంత తీసుకుంటున్నారని నమ్మకంగా లెక్క తీయడమే పెద్ద పని. కాకపోతే ఏది లెక్కపెడతారో, అదే ఎందుకు లెక్కపెడతారో చెప్పాలి.

జిల్లా హద్దుల గురించి ఒక హెచ్చరిక. 2011 జనగణనలో ప్రకాశం జిల్లా జనాభా 33.97 లక్షలు, మండలాలు 56. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది, అద్దంకి, పర్చూరు, చీరాల ప్రాంతాలు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. శీర్షికలో ‘ప్రకాశం జిల్లా’ అని రాసి, పట్టికలో 2011 అంకెలు ఇచ్చి, సర్వే మాత్రం కొత్త హద్దుల్లో చేస్తే మూడూ మూడు వేర్వేరు ప్రాంతాలు అవుతాయి. మండలాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: కందుకూరు విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. సార్ చెప్పినట్టు ఆదివారం అమ్మతో కూర్చున్నాను. నేను ఎప్పుడూ అడగని సంగతి ఒకటి చెప్పింది. అమ్మ పనికి వెళ్ళిన తొలి రోజుల్లో ఆకు అల్లడానికి రోజు కూలి ఇచ్చేవారట, తర్వాత మా ఊళ్ళో ఆకు అల్లిన కర్రకు ఇంత అని గుత్తకు మారిందట. పక్క ఊళ్ళో మాత్రం ఆమె పని మానే వరకూ రోజు కూలే నడిచిందట. “గుత్తలో డబ్బు ఎక్కువే వచ్చేది గానీ, పిల్లలను కూడా కూర్చోబెట్టుకోవలసి వచ్చేది” అన్నది. నేను కూడా చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని ఆకు అందించిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

కాబట్టి ప్రశ్నను ఇలా రాసుకున్నాను: పొగాకు బ్యారన్ పనిలో కొన్ని ఊళ్ళు రోజు కూలి నుంచి గుత్తకు ఎందుకు మారాయి, మారినచోట మహిళల ఆదాయం, పని గంటలు, ఇంట్లోని పిల్లల పని ఎలా మారాయి? పాత శీర్షికను, ఆరు లక్ష్యాలను తీసివేశాను. ఇది సరిపోతుందా?

జవాబు 4: నెల్లూరు విశ్రాంత అధ్యాపకుడు

చాలా సంతోషం అమ్మా. ఇప్పుడు మీ చేతిలో ప్రశ్న ఉంది, నిజానికి రెండు ఉన్నాయి. ‘ఎందుకు మారాయి’ అన్నదానికి రైతులు, మేస్త్రీలు, బ్యారన్ల లెక్కలు కావాలి. ‘మారినచోట ఏమైంది’ అన్నదానికి కూలీల ఇళ్ళు కావాలి. ఒక దానిని ప్రధానంగా పెట్టుకుని, రెండో దానిని ఒక అధ్యాయానికి పరిమితం చేయండి. మీరు చెప్పిన దాన్ని బట్టి రెండోదే మీ ప్రశ్న అని నాకు తోస్తున్నది.

‘మారాయి’ అని మీరు ముందే తీర్మానించారు. మీ ఆధారం ఒక్క ఊరి ఒక్క మనిషి జ్ఞాపకం. అది మొదలుపెట్టడానికి చాలు, ప్రతిపాదనలో నిలబడడానికి చాలదు. కొండపి, కందుకూరు మండలాల్లో నాలుగైదు ఊళ్ళు తిరిగి, ఎక్కడ రోజు కూలి, ఎక్కడ గుత్త, ఎప్పటి నుంచి అన్నది ఒక్కొక్క ఊరికి ముగ్గురిని అడిగి ఒక పేజీ రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూకు ఆ పేజీని ప్రతిపాదనకు జత చేసి తీసుకువెళ్ళండి.

జవాబు 5: ఒంగోలు పరిశోధకురాలు

సార్ చెప్పిన ఆ పేజీ కోసం ఎప్పుడు తిరగాలో కూడా చూసుకోండి. మన దగ్గర నాట్లు అక్టోబరు, నవంబరులో పడతాయి, రెలుపులు (ఆకు కోతలు), క్యూరింగు (బ్యారన్‌లో ఆకు ఆరబెట్టడం) డిసెంబరు చివర నుంచి మార్చి దాకా నడుస్తాయి. ఆకు అల్లేవాళ్ళు ఆ మూడు నెలలే బ్యారన్ దగ్గర కనిపిస్తారు, తర్వాత వేరే పనుల్లోకి వెళ్ళిపోతారు. పీహెచ్‌డీలో చేరిన తర్వాత యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తి చేయాలి. అది సరిగ్గా జనవరిలో పడితే మొదటి సీజను చేజారి ఏడాది ఆగవలసి వస్తుంది. కాలప్రణాళిక పట్టికలో ‘సమాచార సేకరణ: 12 నెలలు’ అని రాయకుండా, ఏ సీజన్లో బ్యారన్ల జాబితా, ఏ సీజన్లో ఇళ్ళ సర్వే అన్నది నెలల పేర్లతో రాయండి. వచ్చే జనవరిలో మీరు ఊళ్ళు తిరిగేటప్పుడు చెప్పండి, కొండపి వైపు రెండు ఊళ్ళకు నేనూ మీతో వస్తాను.