కాలేజీలో స్టూడెంట్ లీడర్ అవ్వాలంటే ఏం చేయాలి? ఇంట్లో ఒప్పుకోవట్లేదు

నిమ్మతోట_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, మాది పొదలకూరు దగ్గర ఊరు, నెల్లూరులో డిగ్రీ రెండో ఏడు. పోయిన నెల ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు పడలేదని మా కాలేజీలో హాల్ టికెట్లు ఆపేశారు. అందరూ వరండాలో నిలబడి తిట్టుకుంటున్నారే గానీ లోపలికి పోయేవాడు లేడు, నాకు ఒళ్ళు మండి పద్నాలుగు మందిని వెంటేసుకుని ప్రిన్సిపాల్ రూముకి పోయా. గంటసేపు మాట్లాడాక, డబ్బు పడగానే కడతామని మాతో రాయించుకుని ఇచ్చేశారు. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో 'లీడర్ వచ్చాడ్రోయ్' అంటున్నారు, అబద్ధం ఎందుకు, వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు రెండు సంఘాల వాళ్ళు చేరమని ఫోన్లు చేస్తున్నారు. నాన్నేమో 'జెండా పట్టుకుంటే కేసులే' అని అన్నం దగ్గర గొడవ. వెంకయ్యనాయుడు గారు కూడా ఇక్కడి వి.ఆర్. కాలేజీ నుంచే వచ్చారు కదా అంటే, 'ముందు నీ బ్యాక్‌లాగ్ సంగతి చూడు' అన్నాడు. ఏం చేయమంటారు?

పెన్నా_గట్టు:
తమ్ముడూ, వెంకయ్యనాయుడు గారి రోజులు వేరు. అప్పుడు కాలేజీల్లో ఎన్నికలు ఉండేవి, గెలిచినవాడు అందరికీ తెలిసేవాడు. దానికి తోడు 1972లో జై ఆంధ్ర ఉద్యమం, ఊరూరా కుర్రాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు. ఆయన 1978 కల్లా ఉదయగిరి ఎమ్మెల్యే. మన దగ్గర కాలేజీ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది, కాబట్టి నిన్ను ఎవరూ ఓటేసి లీడర్‌ని చేయరు. ఎవరో ఒక పనికి నీ దగ్గరికి వస్తారు, ఆ పని అయితే ఇంకొకడిని పంపిస్తారు, అంతే.

ఒకవేళ రేపు ఎన్నికలు పెట్టినా బ్యాక్‌లాగ్ గురించి నాన్న అన్నమాటే నిజం. కాలేజీ ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది, వాటి ప్రకారం పోటీ చేసే సంవత్సరంలో బ్యాక్‌లాగ్ ఉండకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, ప్రింటు పోస్టర్లు కూడా వద్దు. నీ హాజరు ఎంతో చెప్పలేదు నువ్వు.

ఇంకోటి, నోటిమాటతో పని చేసుకురావద్దు. ప్రతిదానికీ అర్జీ రాయి, రెండు కాపీలు తీసుకుపో, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకో. ఆ జిరాక్సు ఉంటే తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి పోయినా నీ మాట వింటారు. చందాల డబ్బు మాత్రం నీ ఫోన్‌పేలో వేయించుకోకు. మా బ్యాచ్‌లో ఒక మంచివాడు ఫ్రెషర్స్ డే లెక్క చెప్పలేక మూడేళ్ళు తల దించుకుని తిరిగాడు.

ఒంగోలు_గిత్త:
నేను నాన్న పార్టీ. డిగ్రీలో ఉండగా రాస్తారోకోలో కూర్చున్నా, పిలిచినవాళ్ళు ఫోటో దిగి వెళ్ళిపోయారు, కేసు మా ఆరుగురి మీద పడింది. తర్వాత కొట్టేశారులే గానీ, ఉద్యోగానికి ఎంపికైనప్పుడు అటెస్టేషన్ ఫారంలో 'మీ మీద కేసులున్నాయా' అనే గడి నింపేటప్పుడు పడ్డ టెన్షన్ నాకే తెలుసు. సంఘాలన్నీ చెడ్డవి అనట్లేదు, అక్కడే నాకు మైకు ముందు మాట్లాడటం వచ్చింది. చేరేముందు ఒకటే అడుగు, నా మీద కేసు పడితే లాయర్ని ఎవరు పెడతారు అని. నీళ్ళు నమిలితే వచ్చెయ్.

కావలి_అక్క:
ఇద్దరూ మగపిల్లల సంగతే చెప్పారు. తమ్ముడూ, నీ వెంట వచ్చిన పద్నాలుగు మందిలో అమ్మాయిలు ఎంతమంది? నేను ఏ సంఘంలోనూ లేను, ఎన్ఎస్ఎస్‌లో (కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం) ఉన్నా. ఏడు రోజుల స్పెషల్ క్యాంపులో యాభై మందికి మూడు పూటలా వండించి, అలిగినవాళ్ళని బుజ్జగించి, సర్పంచ్ గారితో మాట్లాడి ట్యాంకర్ తెప్పించా, అంత పని నాకు క్లాసులో ఎవరూ నేర్పలేదు. రెండేళ్ళలో 240 గంటలు చేస్తే సర్టిఫికెట్ కూడా వస్తుంది. దానికి మీ నాన్న కూడా అడ్డు చెప్పరు, జెండా ఉండదుగా.

నిమ్మతోట_కుర్రోడు:
థాంక్స్ అందరికీ. హాజరు 68 శాతం, బ్యాక్‌లాగ్ ఒకటి, నవ్వుకోండి. సంఘాల వాళ్ళకి పరీక్షలయ్యాక చెప్తానన్నా. లాయర్ మాట అడిగితే ఒకరు ఫోన్ పెట్టేశారు, ఇంకొకరు మాత్రం ఒకాయన నంబరు ఇచ్చారు.

అక్కా, పద్నాలుగు మందిలో అమ్మాయిలు ఒక్కరూ లేరు. ఇవాళ మా క్లాసు అమ్మాయిల్ని అడిగా, హాల్ టికెట్లు ఆగినవాళ్ళు వాళ్ళలో తొమ్మిది మంది ఉన్నారంట, ఇళ్ళల్లో చెప్పి అప్పు తెచ్చి కట్టేశారంట. ఆ పక్కనే నిలబడి కూడా నాకు తెలియలేదు. ఇంకా వాళ్ళ బాత్రూంలో మధ్యాహ్నం తర్వాత నీళ్ళు రావంట, అందుకే పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారంట. రేపు అర్జీ రాస్తున్నాం, రాసేది వాళ్ళే, రెండు కాపీలు.