బరంపురంలో మూడు నెలలు విజిటింగ్ స్కాలర్‌గా వెళ్తున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

గంజాం గజిబిజి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, మూడో ఏడు. 1936కి ముందు గంజాం జమీందారీల్లో రైతులకీ ఎస్టేట్లకీ నడిచిన తగాదాలు నా టాపిక్. ఒడిశాలో బరంపురం వైపు ఒక యూనివర్సిటీ చరిత్ర విభాగంలో మూడు నెలలు కూర్చుని పని చేసుకుంటానంటే అక్కడి హెడ్ గారు మెయిల్‌లో సరేనన్నారు. సెప్టెంబర్ చివర్లో బయల్దేరదామని అనుకుంటున్నా. ఒడియా వింటే కొంచెం అర్థమవుతుంది, చదవడం రాదు. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, ఎక్కడ ఉండాలి, లైబ్రరీ సంగతేంటి? మా గైడ్‌ని అడిగితే "వెళ్తే అదే తెలుస్తుంది" అన్నారు. నాకేమో ఇప్పటి నుంచే టెన్షన్.

సోంపేట కుర్రాడు:
మెయిల్‌లో సరేనన్నారంటే ఇంకా ఏమీ అవ్వనట్టే లెక్క అక్కా. నా సంగతి వినండి. ఊరు పేరు, రాష్ట్రం పేరు కూడా చెప్పను. నాలుగు నెలలకని వెళ్లాను, చేతిలో హెడ్ గారి మెయిల్ ప్రింటవుట్ ఒక్కటే. మొదటి నెల బానే గడిచింది. రెండో నెలలో హెడ్ మారారు. రొటేషన్ పద్ధతి కదా, సీనియారిటీ ప్రకారం ఇంకొకరు వచ్చారు. ఆయనకి నేనెవరో తెలీదు. మనిషి చెడ్డవాడు కాదు, "మీ ఫైలు ఎక్కడుంది?" అని అడిగాడంతే. ఫైలుంటే కదా! నెల రోజులకిచ్చిన లైబ్రరీ కార్డు పొడిగించలేదు. గెస్ట్‌హౌస్ వాళ్లు ఎవరో ఎగ్జామినర్లు వస్తున్నారని గది ఖాళీ చేయమన్నారు. ఇద్దరు రిసెర్చ్ స్కాలర్లు హాస్టల్ గదిలో చాప వేసి పడుకోనిచ్చారు కాబట్టి పని పూర్తయింది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి డిస్పాచ్ నంబరుతో ఉత్తరం చేతికి వచ్చేదాకా టికెట్ బుక్ చేయకండి.

గిరిసోల గేటు:
నేను బల్లకి అవతలి వైపు మనిషిని. ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. తమ్ముడు చెప్పింది నిజమే గానీ మా వైపు మాట కూడా వినండి. ఎవరో ఒకాయన బ్యాగు తగిలించుకుని వచ్చి "నేను విజిటింగ్ స్కాలర్ని" అంటాడు. ఏ రూలు కింద కార్డు ఇవ్వమంటారు? పుస్తకం పోతే ఆడిట్‌లో సమాధానం చెప్పాల్సింది మేమే.

అందుకని ఉత్తరంలో ఏం రాయించుకోవాలో చెప్తాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరి దగ్గర పని చేస్తారు, లైబ్రరీలో చదువుకోడానికేనా పుస్తకాలు ఇంటికి కూడా ఇస్తారా, క్యాంపస్ వైఫై ఇస్తారా, గెస్ట్‌హౌస్ రేటు యూనివర్సిటీ వాళ్ల రేటా బయటివాళ్ల రేటా. "అవసరమైన సౌకర్యాలు కల్పించవలెను" అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు చూడండి, ఆ ముక్కతో మా దగ్గర ఏ పనీ అవదు. పైగా నాలుగు కాపీలు తెచ్చుకోండి: డిపార్ట్‌మెంట్‌కి, లైబ్రరీకి, గెస్ట్‌హౌస్‌కి, ఒకటి మీ దగ్గర. మీ యూనివర్సిటీ నుంచి నో అబ్జెక్షన్, ఆధార్ నకలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఓ పది. ఫొటోలు మాత్రం ఎవరూ సరిపడా తేరు.

ఇంకోటి. హెడ్ గారిని కలిసిన రోజే ఆఫీసులో బొడొబాబుని కూడా కలవండి. హెడ్ క్లర్కుని ఇక్కడ అలాగే అంటారు. మీ పేరు ఆయన నోట్లో ఆడితే ఫైలు దానంతటదే కదుల్తుంది.

బరంపురం మాస్టారు:
అమ్మా, నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాగితాల సంగతి గేటుగారు చెప్పేశారు. నేను రెండు మాటలు చెప్తాను, రెండూ మీ ప్రయాణం తేదీలు మార్చేవే.

మొదటిది. సెప్టెంబర్ చివర్లో రాకండి. వచ్చిన పది, పదిహేను రోజులకే దసరా సెలవులు పడతాయి. మా వైపు అక్టోబర్ అంటే తుఫాన్ల నెల కూడా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా దసరాల్లో. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. కరెంటు లేకుండా కొవ్వొత్తి వెలుతురులో నోట్సు రాసుకునే సరదా ఉంటే సరే. లేకపోతే నవంబర్ మొదట్లో రండి, ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మార్చి దాటితే ఉక్కపోత.

రెండోది అసలు సంగతి. మీ టాపిక్ 1936కి ముందుది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంతవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్, 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ మీద నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు, ఇవన్నీ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. బరంపురంలో కూర్చుని మూడు నెలలు వెతికినా మీకు దొరికేది సగమే. విభజనప్పుడు గంజాం దక్షిణపు తాలూకాలు, అంటే టెక్కలి, సోంపేట వైపు, విశాఖ జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. కాబట్టి ఒకే జమీందారీ కాగితాలు చెన్నైలో కొన్ని, భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో కొన్ని, ఆంధ్రా వైపు కొన్ని ఉంటాయి. పర్లాకిమిడి ఎస్టేటే అటు కొంత, ఇటు కొంత అయింది కదా. ముందు చెన్నైలో ఒక నెల చేసుకుని ఫైలు నంబర్లతో ఇక్కడికి రండి. అప్పుడు ఇక్కడి మనుషుల్ని, ఊళ్లని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

గంజాం గజిబిజి:
మాస్టారూ, మా గైడ్ ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఎంత బావుండేది! చెన్నై నా ప్లాన్‌లో లేనే లేదు. అక్కడికి కూడా డిపార్ట్‌మెంట్ నుంచి సిఫారసు ఉత్తరం తీసుకుంటా.

మరి ఫెలోషిప్? నాకు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తోంది. నాలుగు నెలలు బయట ఉంటే ఆపేస్తారా?

సోంపేట కుర్రాడు:
ఆపరు, కానీ బయల్దేరే ముందు మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఫీల్డ్‌వర్క్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నెలనెలా పోర్టల్‌లో కన్ఫర్మేషన్ పెట్టేది మీ సొంత యూనివర్సిటీ వాళ్లే కదా. మీరు కనపడకపోతే ఆ గుమాస్తా "అమ్మాయి ఎక్కడుందో" అని పక్కన పెట్టేస్తాడు. నాకు అలా రెండు నెలలు ఆగిపోయింది. తర్వాత కలిపి వచ్చిందిలెండి, కానీ ఆ రెండు నెలలూ మా బావ దగ్గర అప్పు. 2023 జనవరి నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 చేశారు కాబట్టి మీకు అద్దెకి ఇబ్బంది ఉండదు. టికెట్లు, జిరాక్స్ బిల్లులు దాచుకోండి, ఫెలోషిప్‌తో పాటు ఖర్చులకిచ్చే కంటింజెన్సీలో పెట్టొచ్చు.

న్యూజెర్సీ అత్త:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది, వచ్చే ఏడాది ఒడిశాలో ఒక డిపార్ట్‌మెంట్‌లో రెండు నెలలు ఉండాలట. దానికి ఓసీఐ కార్డుంది, అదే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చేది. నేరుగా వచ్చేయొచ్చు కదా?

కొరాపుట్ చలి:
చుట్టాలింటికైతే నేరుగా రావచ్చు అత్తా. రిసెర్చ్‌కైతే కుదరదు. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్లు పరిశోధన చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. దానికి టైమ్ పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టించండి. యూనివర్సిటీ ఉత్తరం అక్కడా కావాలి.

గజిబిజి గారూ, మీరు కొండల వైపు కూడా వచ్చే ఆలోచన ఉంటే ఒక మాట. నేను సునాబెడలో ఉంటా. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ ఇక్కడే, యూనివర్సిటీని 2009లో పెట్టారు. విజిటింగ్ స్కాలర్లు వస్తారు, వచ్చిన మర్నాడే "ఒక ట్రైబల్ విలేజ్ చూడాలి" అంటారు. చూడ్డానికి అదేమన్నా జూనా? ఊళ్లోకి వెళ్లి ఇంటర్వ్యూలు చేయాలంటే మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ కాగితం, జిల్లా యంత్రాంగానికి ఒక ఉత్తరం, ఆ ఊరి పెద్దల మాట, ఈ మూడూ ఉండాలి. మూడోది కాగితం కాదు గానీ అదే పెద్దది. ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టే ముందు అడగండి. ఒకావిడ సంతలో అడక్కుండా ఫొటోలు తీసింది. తర్వాత వారం రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, ఆమెకి కారణం కూడా తెలీలేదు. డిసెంబర్‌లో వస్తే స్వెటర్ తెచ్చుకోండి. విశాఖ వాళ్లు నవ్వుతూ బస్సెక్కి, దిగేసరికి వణుకుతారు.

గంజాం గజిబిజి:
కొండల వైపు ఈసారికి రాలేనేమో, పర్లాకిమిడి మాత్రం వెళ్లాలి. గిడుగు రామమూర్తి గారు ఉన్న ఊరు కదా, చూడాలని ఉంది. సవరల భాష కోసం ఆయన పడిన కష్టం తల్చుకుంటే నాకు ఒడియా అక్షరాలు రావని చెప్పుకోడానికే సిగ్గేస్తోంది. ఉండటానికి గెస్ట్‌హౌస్ మంచిదా, ఊళ్లో గది మంచిదా?

గిరిసోల గేటు:
గెస్ట్‌హౌసే. ఆడపిల్లవి, క్యాంపస్‌లో ఉంటే రాత్రి లైబ్రరీ నుంచి నడిచి వచ్చేయొచ్చు.

బరంపురం మాస్టారు:
నేను ఒప్పుకోను. గెస్ట్‌హౌస్‌లో ఉంటే మీరు చూసేది క్యాంటీన్ గోడలు. ఊళ్లో తెలుగువాళ్లుండే వీధుల్లో గది తీసుకోండి. పట్టు నేసే దేరా వాళ్లు తెలుగే మాట్లాడతారు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతరలో పెద్దరికం కూడా వాళ్ల దేశిబెహరాదే, అంటే వాళ్ల కులపెద్దదే. ఇంటి ఓనరమ్మ నాలుగు రోజులయ్యాక "మా తాతగారి కాగితాలేవో పెట్టెలో ఉన్నాయి" అంటుంది. ఆ కాగితాలు ఏ ఆర్కైవ్స్‌లోనూ ఉండవు. మా ఇంట్లోనే పొలం దస్తావేజు ఒకటి తెలుగులో ఉంది, మా మనవడు చదవలేడు.

సోంపేట కుర్రాడు:
మొదటి రెండు వారాలు గెస్ట్‌హౌస్, ఈలోపు గది వెతుక్కోండి. ఓనర్లు అద్దెకొచ్చినవాళ్ల వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలంటారు, ఆ యూనివర్సిటీ ఉత్తరం అక్కడా పనికొస్తుంది.

ఇంకో చిట్కా. వెళ్లిన పదిహేను రోజుల్లో డిపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న ప్రసంగం ఇస్తానని మీరే అడగండి, అరగంట చాలు. లేకపోతే మూడు నెలలైనా "ఆ మూల కూర్చునే హైదరాబాద్ అమ్మాయి"గానే ఉండిపోతారు.

కొరాపుట్ చలి:
జర్నల్స్ కోసం దిగులు పడకండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్ నెట్‌లో కూర్చుంటే చాలా పెద్ద ప్రచురణకర్తల జర్నల్స్ తెరుచుకుంటాయి. అక్కడి పాత థీసిస్‌లు ముందు శోధ్‌గంగలో (థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే సైట్) వెతకండి. అందులో లేనివే లైబ్రరీ అలమారాల్లో చూడాలి. అక్కడ పాత రిజిస్టర్లలో నంబర్లు ఒడియా అంకెల్లో ఉండొచ్చు. అక్షరాలు తర్వాత, పది అంకెలు మాత్రం రైల్లోనే నేర్చేసుకోండి. ఊరి బస్సుల మీదా పనికొస్తాయి.

గంజాం గజిబిజి:
చాలా రోజుల తర్వాత వస్తున్నా. మీ అందరికీ అప్‌డేట్ బాకీ ఉన్నాను.

అక్టోబర్‌లో చెన్నై వెళ్లి వచ్చా. మాస్టారూ, మీరన్నట్టే అయింది, రెవెన్యూ బోర్డు సంపుటాల్లోంచి నలభై ఫైలు నంబర్లు రాసుకొచ్చా. ఇక్కడికి నవంబర్ రెండో వారంలో చేరా. రిజిస్ట్రార్ ఉత్తరం, నాలుగు కాపీలు, పది ఫొటోలు. ఫొటోలు ఎనిమిది అయిపోయాయి!

బొడొబాబు గారిని మొదటి రోజే కలిశా. ఒడియాలో మర్యాదగా "ఆజ్ఞా" అని మొదలుపెడితే చాలు, మొహం విప్పారింది. కాకపోతే లైబ్రరీ కార్డుకి "కాలి" రమ్మన్నారు. మర్నాడు వెళ్తే "కార్డు కాలి అయిపోయింది కదా, తీసుకోలేదా?" అన్నారు. ఒడియాలో నిన్నా కాలే, రేపూ కాలేనట. ఎవరూ చెప్పరేం ఈ సంగతి! నిన్నటి నుంచీ కార్డు బల్ల మీదే ఉంది.

డిపార్ట్‌మెంట్‌లో బల్ల దొరకలేదు. సెమినార్ లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ ఉంది, తొమ్మిదిన్నరకల్లా వెళ్తే నాదే. ప్రసంగం డిసెంబర్ మొదటి వారంలో పెట్టారు. గది దొరికింది, నెలకి 4,500, నీళ్లు పొద్దున్న ఒక గంటే. ఓనరమ్మ తెలుగులో తిడుతుంది, ఒడియాలో లెక్కలు చెప్తుంది. పెట్టె ఇంకా తెరవలేదు.

బరంపురం మాస్టారు:
తొందరపడకండి. సంక్రాంతికి వాళ్లింట్లో అరిసెలు వండేటప్పుడు పక్కన కూర్చోండి. తిరిగి వెళ్లే ముందు బాకీలేవీ లేవనే నో డ్యూస్ కాగితమూ, ఇన్నాళ్లు ఇక్కడ పని చేశానని లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్టూ చేతిలో పడితేనే రైలెక్కండి. తర్వాత ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

గిరిసోల గేటు:
ఎత్తుతాం మాస్టారూ. మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో చేస్తే ఎత్తం, అంతే.

సోంపేట కుర్రాడు:
అక్కా, 4,500కి బాత్రూమ్ లోపలేనా, బయటా?

గంజాం గజిబిజి:
బయట. మేడ మెట్ల కింద. కానీ వంటింట్లో గ్యాస్ పొయ్యి వాడుకోనిస్తారు.